కామెర్ల పథ్యం

మా అమ్మాయి ఇప్పుడు హౌస్ సర్జన్సీ చేస్తోంది. మంగళగిరిలో మా చీరల కొట్టుకొచ్చే తెలిసినవాళ్లు, "కామెర్లతో ఏడాది పోయినా పిల్లని నిలబెట్టారు, అంతా మీ ఓపికండీ" అనేవాళ్లు. నేను నవ్వి చీర మడత పెట్టేవాణ్ణి. ఆమెకు కామెర్లు రాలేదు. ఓపిక కూడా నాది కాదు.

కొట్టులో పెరిగిన పిల్ల. చీరలన్నీ విప్పించి ఒక్కటీ కొనకుండా లేచినవాళ్లకు కూడా నవ్వుతూ "మళ్లీ రండమ్మా" అనాలని నేర్పింది నేనే. విజయవాడలో ఎంబీబీఎస్‌లో చేరాక ఫోనులో నాకూ ఆ నవ్వే వినిపించేది. రెండో ఏడు సెలవుకొస్తే పుస్తకం ముట్టకుండా కొట్టులో కూర్చునేది. మడత పెట్టిన చీరే విప్పి మళ్లీ మడత పెట్టేది.

"ఏమండీ, పిల్ల తల దువ్వుకుని ఎన్నాళ్లయిందో చూశారా?" అంది మా ఆవిడ.

"పరీక్షల భయంలే. కాస్త ఓపిక పడితే అదే పోద్ది."

సోమవారం విజయవాడ బస్సెక్కించాను. గంట దాటాక ఆమె ఫోను నుంచి కండక్టర్ మాట్లాడాడు. "మీ అమ్మాయి సీట్లోంచి లేవట్లేదండీ. బస్టాండొచ్చి చాలాసేపయింది."

బండి మీద కృష్ణా వారధి దాటుతున్నంతసేపూ నాకు కోపమే వచ్చింది, భయం కాదు. ఇది కూడా రాయాలి.

"దిగు తల్లీ" అన్నాను, బస్సెక్కి ఆమె పక్కన కూర్చుని.

"ఓపిక పడుతూనే ఉన్నా నాన్నా. కాళ్లు లేవట్లేదు."

ఆ వారంలోనే మానసిక వైద్యుడు డిప్రెషన్ అన్నాడు. మందులు రాసి, చదువుకు సెలవు పెట్టించమన్నాడు. పదిమందీ పిచ్చంటారని దారిలోనే కామెర్లని కల్పించాను. కామెర్లన్నాక పథ్యం ఉండాలిగా! వచ్చిపోయేవాళ్లకు అనుమానం రాకూడదని ఉప్పూ నూనే కారమూ ఆపించాను. మందులకు నోరెండిపోతున్న పిల్ల చప్పిడి మజ్జిగన్నం తింటూ ఒక్క మాటా అనలేదు. ఉయ్యూరు నుంచి మా అక్క సీసా నిండా చెరుకురసం తెచ్చింది.

"దీనికెంత ఓపికో చూడక్కా" అన్నాను గొప్పగా.

అక్క పిల్ల కంటిరెప్ప ఎత్తి చూసింది. "పచ్చగా లేవేంటే కళ్లు?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను రసం గ్లాసులోకి వంచుతూ తల ఎత్తలేదు.

"కామెర్లు కాదత్తా. డిప్రెషన్. మందులు వాడుతున్నా."

"మరి ఈ చప్పిడి కూడు దేనికే?"

"నాన్ననడుగు."

అక్క నన్నడగలేదు. వంటింట్లోంచి గోంగూర పచ్చడి తెచ్చి కంచంలో వేసింది. పిల్ల కలుపుకుని, కారానికి ముక్కు తుడుచుకుంటూ తింది. తేరుకోవడానికి ఆ తర్వాత చాలా నెలలు పట్టింది, మధ్యలో మళ్లీ కుంగింది కూడా. కానీ ఫోనులో ఆ నవ్వు మానేసింది. బాగోకపోతే బాగోలేదంటుంది, నా మీద విసుక్కుంటుంది. "జనానికి ఉన్నది చెప్పెయ్ నాన్నా" అని ఎన్నిసార్లు అన్నా, కొట్టులో మాత్రం కామెర్లు కామెర్లుగానే ఉండిపోయాయి.

మొన్న ఒకావిడ చీరలు చూస్తూ, "మావాడూ మెడిసిన్‌లో చేరాడండీ. ఇంటికొస్తే మంచం దిగడు, స్నానం చెయ్యడు. ఓపిక పట్టమని మీరో మాట చెప్పరూ?" అంది.

విప్పిన చీర చేతుల్లోనే ఉండిపోయింది.

"ఓపిక సంగతి తర్వాతమ్మా. ముందిలా కూర్చోండి. మా అమ్మాయికి వచ్చింది కామెర్లు కాదు" అన్నాను.