మేడ మీది గదిలో మగ గొంతు

మొన్న తుక్కుగూడలో ఫోనుకు కొత్త గ్లాసు వేయించుకుందామని ఒక దుకాణం ముందు నిలబడ్డాను. దుకాణదారు కొత్త స్పీకరు పనిచేస్తుందో లేదో చూడటానికి ఏదో పాట పెట్టాడు. పాట అనడానికి లేదు. కరెంటు సరిగా అందని బోరు మోటారు మూలిగినట్టు ఒక రొద, దాని మీద టిక్కు టిక్కుమంటూ చిన్న చప్పుళ్లు. పాడే మనిషి ఇంకా నోరు తెరవనే లేదు, నేను మాత్రం మెడ ఎత్తి పైకి చూశాను. ఆ దుకాణానికి పై అంతస్తు లేదు. అలాంటి చప్పుడు వినగానే పైకి చూడటం మా అత్త నాకు అంటించిన అలవాటు.

విమానాశ్రయం వచ్చిన కొత్తలో మామిడిపల్లిలో చాలామందిలాగే మేమూ ఇంటి మీద ఒక గది వేసి కిరాయికి ఇచ్చాం. మా అత్తకు కొత్తగా వచ్చిన దేనిమీదా నమ్మకం ఉండేది కాదు, విమానాలతో సహా. అవి చక్రాలు దించుకుని మా నెత్తి మీదుగా పోతుంటే, చప్పుడుకు బెదిరి బర్రె పాలు తగ్గించిందని ఆకాశాన్ని నిలదీసినట్టు చూసేది. ఆ గదిలోకి గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి దిగింది. ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల సామాను తీసుకునే కౌంటరులో ఉద్యోగం. పొద్దున్నే కంపెనీ బండి వచ్చి తీసుకుపోయేది, మధ్యాహ్నానికి దింపేది. తల వంచుకుని మెట్లెక్కేది, చిన్నా పెద్దా అందరినీ మీరు అనేది, కూర ఇస్తే గిన్నె తోమి తిరిగి ఇచ్చేది. ఇవన్నీ మా అత్త కంటికి అనుమానించదగ్గ గుణాలే. "గంత మర్యాద ఎందుకే మనతోని? ఏందో దాస్తున్నది," అనేది కందిపప్పులో రాళ్లు ఏరుతూ.

దాస్తున్నదేమిటో ఒక వేసవిలో మా చెవిన పడింది. ఆ అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, తిని, తలుపు వేసుకున్నాక పైనుంచి చప్పుళ్లు మొదలయ్యేవి. ముందు మోటారు మూలుగు. తర్వాత దవాఖానలో మంచం పక్కన పెట్టే మిషన్ల లాంటి కూతలు. ఉన్నట్టుండి డ్రమ్ములు, రేకును చించుతున్నట్టు గిటారు. ఆ మధ్యలో, కాగులోకి తల దూర్చి మాట్లాడుతున్నట్టు ఒక మగ గొంతు. అది పాట అయి ఉంటుందని నేనన్నాను. అత్త ఒప్పుకోలేదు. "పాట అయితే మాట్లాడుతడా? నవ్విండే. నా చెవులతోని విన్న. పాటల ఎవడన్న నవ్వుతడా?" అంది. నిజానికి ఆ నవ్వు నేనూ విన్నాను. ఎవరో వెనకనుంచి ఏదో అన్నట్టు, ఇతను ఆపుకోలేక నవ్వినట్టు ఉండేది. పగలంతా గేటు దగ్గరే కూర్చునే మా అత్త కన్నుగప్పి మనిషి పైకి ఎలా పోతాడన్నదొక్కటే నాకు తెగని ప్రశ్న.

ఒకనాడు నేను వంటలో ఉండగా అత్త ఆ అమ్మాయి వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. గది తీసుకునేటప్పుడు ఇచ్చిన నంబరు గోడ మీద బొగ్గుతో రాసే ఉంది. అదే మధ్యాహ్నం నవ్వు వినబడగానే నన్ను వెంటేసుకుని మెట్లెక్కింది. తలుపు తీసిన అమ్మాయిని పక్కకు తప్పించి మంచం కింద, తలుపు వెనక, స్నానాల గదిలో వెతికింది. కిటికీలో ఒక సీడీ ప్లేయరు, రెండు చిన్న స్పీకర్లు తప్ప ఏమీ లేవు. పాట ఇంకా మోగుతూనే ఉంది. "మొదటినుంచి పెట్టు," అని అత్త చాప మీద చతికిలబడింది. "గా నవ్వు మల్ల వచ్చేదాక నేను లేవ."

అలా మా అత్తా నేనూ ఆ ఆల్బం అంతా విన్నాం. మాటలు ఇంగ్లీషు, మాకు తెలియవు. మొదటి పాట ఎక్కడికీ పోకుండా ఒకే చోట తిరుగుతున్నట్టు అనిపించింది. రెండోదాంట్లో డ్రమ్ములు ఒక దారిన, ఆ మిషను కూతలు ఇంకో దారిన పోయి, చివర్లో కలిసేసరికి నా ఒళ్లు జలదరించింది. అత్త స్పీకరు వెనక్కి తొంగి చూసి మళ్లీ కూర్చుంది. నాలుగో పాటలో నవ్వు వచ్చింది, ఎప్పటిలాగే. అయినా అత్త లేవలేదు, ఆఖరి పాటదాకా వచ్చాం.

"ఎవడు బిడ్డా వీడు?" అనడిగింది అత్త.

"మా అన్నయ్యండీ," అంది ఆ అమ్మాయి. ఇంజనీరింగు చదువు సగంలో వదిలేసి స్నేహితులతో పాటలంటూ బెంగళూరు పోయాడట. తండ్రి ఇంట్లో అతని పేరెత్తనివ్వడట. ఆ సీడీ ఒక స్నేహితురాలి చేత పంపించాడట. "వాడితో మాట్లాడుతున్నానని తెలిస్తే నన్నూ ఉద్యోగం మానిపించి తీసుకెళ్లిపోతారు. ఎవరికీ చెప్పకండి ఆంటీ."

అత్త కొంగు సర్దుకుంది. "మీ నాయినకు పొద్దుగాలనే ఫోన్ కొట్టిన బిడ్డా. నీ రూంల మొగోని గొంతు ఇనవడుతున్నదని చెప్పిన," అంది.  ఆ అమ్మాయి లేచి పాట ఆపేసింది.

మర్నాడు తండ్రి దిగాడు. వాళ్ల ఊళ్లో ఎరువుల కొట్టు నడుపుతాడు. చొక్కా నలిగి, రాత్రంతా బస్సులో నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. "ఎవడమ్మా వాడు?" అని ఒక్కటే ప్రశ్న. ఆ అమ్మాయి నోరు విప్పలేదు. అన్న పేరు చెబితే ఒక తప్పు, చెప్పకపోతే ఇంకో తప్పు. "అయితే సామాను సర్దు," అన్నాడాయన. ఆమె నిజంగానే మంచం కిందనుంచి పెట్టె లాగి చీరలు మడతపెట్టసాగింది. అన్నను దాచడం కోసం లేని నింద నెత్తిన వేసుకుంటోందని నాకు అర్థమైంది.

అత్త తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఆగు బిడ్డా. అన్నా, జర గా కుర్చీల కూసో. గా మొగోన్ని నేను మొత్తం ఇన్న. నువ్వు గూడ ఇను. ఇన్నంక తోలుకపోతవో లేదో నీ ఇష్టం," అంది. ముందురోజు ఆ అమ్మాయి ఏ మీట నొక్కిందో చూసి పెట్టుకున్నట్టుంది, తనే నొక్కింది.

రొద మొదలవగానే ఆయన మొహం చిట్లించాడు. గొంతు రాగానే తల కొంచెం పక్కకు వంచాడు. మా ఎవరి వైపూ చూడలేదు. నవ్వు వచ్చినప్పుడు మోకాలి మీది చెయ్యి బిగిసింది. కూతుర్ని అడిగాడు. "వాడి గొంతుకేమైంది? జలుబు చేసిందా?"

"లేదు నాన్నా. మిషన్లో అలా మారుస్తారు."

"ఎందుకు మార్చడం? బానే ఉండేదిగా," అన్నాడు. అంతలో మా ఇంటి మీదుగా విమానం దిగుతూ పోయింది. కిటికీ అద్దాలు అదిరి పాట కొట్టుకుపోయింది. ఆయన విమానాన్ని ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. అది దాటిపోయాక, "అక్కడ వినపడలేదు. మళ్లీ పెట్టమ్మా," అన్నాడు.

సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు. కొడుకు గురించి ఏమీ అనలేదు. కూతురు పెట్టె తిరిగి మంచం కిందకు పోయింది. మరుసటి ఏడాది ఆ అన్న చెల్లెల్ని చూడటానికి వచ్చాడు. భుజాల దాకా జుట్టు, నల్ల చొక్కా. మా అత్త గేటు దగ్గరే ఆపి ఎగాదిగా చూసి, "ఏదీ, ఒకపారి నవ్వు," అంది. అతను నవ్వాక కూడా పూర్తిగా నమ్మినట్టు కనబడలేదు గాని, అన్నం మాత్రం పెట్టింది. తండ్రీ కొడుకులు మాట్లాడుకున్నారని ఆ అమ్మాయి చెప్పడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. అప్పటికీ మాటలు తక్కువేనట, ఆరోగ్యం, వానలు, అంతవరకే.

ఇప్పుడు అత్త లేదు. వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ ఒక్కరినీ విడవకుండా కనిపెట్టుకుని ఆమె ఏళ్ల తరబడి ఆ గేటు దగ్గర కూర్చుంది. మేమెవరమూ అనుమానించని కాలమే ఆమె ముందునుంచి, మా అందరి మధ్యనుంచి, చప్పుడు లేకుండా నడిచి వెళ్లిపోయింది.