డూప్లికేటు వాల్వులు

2021 చివరి నెలలు. కరోనా కాస్త తగ్గినా మాస్కులు ఇంకా మూతుల మీదే ఉన్న రోజులు. తిరుపతి రైల్వే స్టేషను వెనక సందులో నాది ఆంప్లిఫయర్లు బాగుచేసే కొట్టు. వాల్వు ఆంప్లిఫయర్ల మీద మోజున్నవాళ్ళు ఈ చుట్టుపక్కల కొద్దిమందే, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఈ ఖాదర్ బాయ్ ఇచ్చిన వాల్వు అసలుదని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకమే నాకు కూడు పెడుతోంది. డూప్లికేటు అంటగట్టాడని ఒక్కడు నోరు జారినా ఇక షట్టరు దించుకోవడమే.

వాల్వు అన్నా ట్యూబ్ అన్నా ఒకటే. చిన్న గాజు బుడ్డి, లోపల ఎర్రగా వెలిగే తీగ. ఆంప్లిఫయర్‌లో మొదట వచ్చేది ప్రీ-ఆంప్ ట్యూబ్, పాట రుచి చాలావరకు దాని చేతిలోనే ఉంటుంది. తర్వాత వచ్చే పవర్ ట్యూబులు స్పీకరుకు బలం ఇస్తాయి. చదువుకున్నవాళ్ళు వచ్చి 'వార్మ్ సౌండ్' కావాలంటారు. మిగతావాళ్ళు కమ్మగా ఉండాల బాయ్ అంటారు. నాకు రెండో మాటే ఇష్టం. గాజు మీద అచ్చువేసిన పేరును మాత్రం చచ్చినా నమ్మను. కొత్త సరుకు మీద పాత కంపెనీ పేరు కొట్టి అమ్మే ఘనులు బోలెడుమంది. పెన్సిలుతో తట్టి వింటాను, టెస్టర్ మీద పెడతాను, అప్పటికీ నమ్మకం కుదరకపోతే పక్కన పడేస్తాను. ఈ పనిలో అనుమానం లేనివాడు బతకలేడు.

అలాంటి నా దగ్గరికి నన్ను మించిన అనుమానప్పక్షి ఒకడు నగరి నుంచి వచ్చాడు. పేరు మునిరత్నం. సొంత పవర్‌లూమ్ షెడ్డు, పుట్టి పెరిగింది ఆ మరమగ్గాల మధ్యే. వెంట భార్య ధనమ్మ. ఆమెది ఐరాల పక్క పల్లె, ఇల్లూ ఆవులూ తప్ప షెడ్డు గడప తొక్కని మనిషి.

కూర్చోగానే ఆయన అన్న మొదటి మాట, "ఆ గుడ్డ కిందకి దించు బాయ్. మూతి దాసుకున్నోళ్ళ మాట నేను నమ్మను."

నాకు చురుక్కుమంది. అయినా బేరం కదా, దించాను.

"మా నాయన కాలంలో మా ఇంట్లో వాల్వు రేడియో ఉండె. ఆ కమ్మదనం కావాల నాకు. భజన పాట పెడితే తాళాలు ఖంగుమనాల" అన్నాడు. నేను మాట్లాడినంతసేపూ కన్నార్పకుండా నా మొహంలోకే చూశాడు. వాల్వు తీయడానికి అలమార వైపు తిరిగానో లేదో, "అట్ల తిరుక్కోవద్దప్పా. ఈ తట్టు సూసి మాట్లాడు" అని గద్దించాడు. వెనక్కి తిరిగితే సరుకు మార్చేస్తానని భయం కాబోలు అనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

నా దగ్గరున్న వాటిలో మెత్తగా పలికే ప్రీ-ఆంప్ ట్యూబ్ ఏరి, ఆయన తెచ్చిన ఆంప్లిఫయర్‌లో పెట్టి ఇచ్చాను. కొద్దిరోజులకే ఆంప్లిఫయర్ తిరిగి వచ్చింది.

"డూప్లికేటు ఇచ్చినావు బాయ్. తాళాలు యాడ? పాట మీద దుప్పటి కప్పినట్టుండాది."

ఇంకాస్త చురుకుగా పలికేది మార్చి పెట్టాను. అదీ తిరిగి వచ్చింది. "ఈ కాలంలో అన్నీ డూప్లికేటే. టీవీ డూప్లికేటు, ఫోను డూప్లికేటు. మనుషులు గూడా నోట్లో గొణుగుతారు, ఏందో దాస్తా ఉంటారు" అని కొట్టంతా దద్దరిల్లేలా అరిచాడు. సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు. నా పరువు బజారున పడింది.

ఇక అనుమానం నా బుర్రను పురుగులా తొలచడం మొదలుపెట్టింది. నా మంచి వాల్వులు దాచుకుని చచ్చువి తెచ్చి పెడుతున్నాడా? రెండోసారి ఇచ్చిన దాని అడుగున ఇంట్లోంచి తెచ్చిన గోళ్ళరంగుతో ముందే చుక్కలు పెట్టి ఉంచాను. చూస్తే చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. అయితే ఎవడో కిట్టనివాడు నా పేరు చెడగొట్టడానికి పంపించాడన్నమాట! సరే, నీ సంగతి తేలుస్తానుండు అనుకున్నాను.

పనికిరాదని పక్కన పడేసిన వాల్వు ఒకటి ఉంది. పాట వెనక తాలింపు వేగుతున్నట్టు ఒకటే చిటపట, పైస్వరాలైతే కీచుమంటాయి. దాన్ని తెచ్చి బిగించి భజన పాట పెట్టాను. ధనమ్మ కొంగుతో చెవులు మూసుకుంది. మునిరత్నం మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఇదప్పా అసలుది! ఇన్నాళ్ళు దీన్ని యాడ దాసిపెట్టినావు?"

దొరికాడు దొంగ! అలమార వైపు తిరిగి కసిదీరా అన్నాను, "అవి చెవులా, చింతకాయలా?"

ఆయన తల ఊపుతూ పాట వింటూనే ఉన్నాడు. ధనమ్మ లేచి నా పక్కకు వచ్చింది.

"ఆ మాట ఆయనకి వినపడలేదు బాయ్. నాకు వినపడింది."

చప్పున ఆమె వైపు తిరిగాను.

"మగ్గాల మోతకి పోయినాయి ఆయన చెవులు. నోరు సూసి మాట కనుక్కుంటాడు. ఆ సంగతి ఆయనకే తెలీదు. నేను చెప్తే నా మీదికే అరుస్తాడు."

మాస్కు దించమన్నది అందుకా? తిరుక్కోవద్దన్నది అందుకా? సిగ్గుతో చితికిపోయాను.

నిజం చెప్పొద్దూ, ఒక పాడుబుద్ధి కూడా పుట్టింది. ఆ చచ్చు వాల్వునే ఇచ్చి పంపితే ఆయన నగరి అంతా నన్ను మెచ్చుకుంటూ తిరుగుతాడు. నా పేరు నిలబడుతుంది. కానీ ఇంట్లో ఆ కీచు భరించాల్సింది ఈ తల్లి కదా. ఆయన చెవుల సంగతి ఇంకెవరు చెబుతారు?

సిగ్నల్ జనరేటర్ తీశాను. సన్నటి ఒకే స్వరం పలికిస్తుంది, తిప్పేకొద్దీ కూత పైకి పోతుంది. తాళాల ఖంగు ఉండేది ఆ పైకూతలోనే. ఆయనకు ఎదురుగా కూర్చుని చెప్పాను, "అన్నా, కూత ఆగిపోగానే చెయ్యెత్తండి. అక్కా, నువ్వూ అంతే."

కాసేపటికి మునిరత్నం చెయ్యి లేచింది. ధనమ్మ చెయ్యి ఒళ్ళోనే ఉంది.

"ఆగిపోయింది గదా. నువ్వెందుకు ఎత్తలేదు?"

"ఆగలేదు. మోగతా ఉండాది."

"మీరిద్దరూ ఒకటై నాతో నాటకమాడతా ఉండారు!"

సరిగ్గా అప్పుడే టీ గ్లాసుల కోసం వచ్చిన టీకొట్టు సుబ్బన్న గడప దగ్గరే చెవిలో వేలు పెట్టుకున్నాడు. "ఏంది బాయ్ ఆ కూత? చెవులు కోసేస్తా ఉండాది, కట్టెయ్!"

మునిరత్నం వాడి మాస్కు లేని నోటివంక చూశాడు. తర్వాత వాడి చెవిలోని వేలు వంక చూశాడు. తనతో నాటకమాడాల్సిన పని వాడికేముంది?

ఈసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆయన మెల్లగా మాట్లాడగా వినడం నాకదే మొదలు.

"అయితే తాళాలు మోగతానే ఉండాయా బాయ్?"

"మోగతానే ఉండాయన్నా. మొదటి నుంచీ."

ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. "మా కొడుకు పొద్దన్నుంచి షెడ్డులో ఆ మోతలోనే ఉండాడే! పదమ్మే." గడప దాటబోతూ వెనక్కి తిరిగాడు. "ఆ చచ్చుది పీకేయి. ఆమెకి ఏది కమ్మగుంటే అది పెట్టు."

తర్వాత ఇద్దరూ వచ్చినప్పుడు మొదట ఇచ్చిన మెత్తటి వాల్వునే ధనమ్మ ఏరుకుంది. పోయిన వినికిడి తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోమని ఆయన చెవులు చూసిన డాక్టరు చెప్పాడట. ఇప్పుడు వాళ్ళ షెడ్డులో కొడుకుతో సహా ఎవరూ చెవుల్లో ప్లగ్గులు లేకుండా మగ్గం దగ్గరికి పోకూడదు. ఆయన చెవికి మిషను వచ్చింది. మొన్న ఫోనులో, "ఈ మిషను డూప్లికేటు బాయ్" అని అరిచాడు. కడుపుబ్బా నవ్వుకున్నాను.

నా అనుమానం పోలేదు, వాల్వుల మీద ఇప్పటికీ అలాగే ఉంది. కానీ కొట్టుకు వచ్చినవాళ్ళు ఎవరైనా కన్నార్పకుండా నా మొహంలోకే చూస్తుంటే, చేతిలో పని పక్కన పెట్టి, వాళ్ళవైపు తిరిగి, నోరు బాగా తెరిచి మాట్లాడతాను.