ఉదయగిరి దుర్గం కింద రెండు కలివి కొమ్మలు

మా స్కూలు అట్లాసులో దేశం పటం మీద అక్కడక్కడా చిన్న నల్ల త్రికోణాలు ఉంటాయి. ఒక్కోటీ ఒక్కో శిఖరం. ఎనిమిదో క్లాసులో ఉండగా షమీమ్, నేను వాటన్నిటినీ ఎక్కాలని ఒట్టు పెట్టుకున్నాం. ఒక్కో రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తయిన చోటు, ఒకదాని తర్వాత ఒకటి. పదో క్లాసుకు వచ్చాం గానీ ఆత్మకూరు చెరువు కట్ట తప్ప ఏదీ ఎక్కలేదు. చివరికి షమీమే తేల్చేసింది. "మా ఊరి దుర్గం ఉండాది గదా మే. ముందు మన వైపు ఎత్తయిందాన్ని ఎక్కు, దేశం సంగతి తర్వాత చూసుకుందాం." షమీమ్ వాళ్లది ఉదయగిరి. చదువు కోసం ఆత్మకూరులో పిన్నమ్మ ఇంట్లో ఉంటుంది.

ఎక్కడం కంటే ఇంట్లో తెలియకుండా ఎక్కడం పెద్ద పని. మా నాన్న కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. పుట్టింది సీతారామపురం వైపు. చిన్నప్పుడు మేకలు తోలుకుని ఆ కొండల్లోనే తిరిగాడట. నన్ను మాత్రం ఒంటరిగా వీధి మలుపు కూడా దాటనివ్వడు. మొన్న వేసవిలో చెప్పకుండా మ్యాట్నీకి వెళ్లి దొరికిపోయాను. కొట్టలేదు. అన్నం తింటూ నెమ్మదిగా ఒక్క మాట అన్నాడు. "ఇంకోసారి నాకు చెప్పకుండా పోయినావంటే టీసీ తెచ్చేస్తా. చదువు చాలు." ఆయన బెదిరించడానికి మాటలు అనే మనిషి కాదు. మా వీధిలో ఇద్దరమ్మాయిలు అట్లాగే బడి మానేశారు. అయినా ఆదివారం స్పెషల్ క్లాసుందని చెప్పి, పుస్తకాల సంచిలో పుస్తకాలు తీసేసి, పులిహోర డబ్బా, నీళ్ల సీసా పెట్టుకుని బయలుదేరాను. 

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి తెల్లవారే మొదటి బస్సు ఎక్కితేనే అదే రోజు తిరిగి రాగలరు. రెండు గంటలకు పైగా పడుతుంది. టిక్కెట్టు మూడు రూపాయల చిల్లర. సాయంత్రం ఐదున్నరకు ఉదయగిరిలో బయలుదేరేదే ఆత్మకూరుకు చివరి బస్సు, అది తప్పితే మళ్లీ తెల్లారాకే. స్పెషల్ క్లాసుకు ఎవరూ ఊరు దాటి పోరు కాబట్టి దారంతా తల వంచుకునే కూర్చున్నాను. కండక్టర్ చిల్లర ఇస్తూ ఎవరి పాపవని అడిగాడు. షమీమ్ వెంటనే, మా ఇద్దరిదీ ఒకే ఇల్లని చెప్పేసింది. ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, నా నుదుటి మీద బొట్టు చూసి ముందుకు పోయాడు. ఆ తర్వాత దిగేవరకు ఆయన వెనక్కి తిరిగినప్పుడల్లా నేను కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను.

ఉదయగిరిలో షమీమ్ వాళ్ల వీధి వదిలేసి, ముళ్లకంపల పక్కనుంచి కొండ కిందికి చేరాం. మెట్లు మొదలయ్యే చోట ఒక బల్లపరుపు రాయి ఉంది. షమీమ్ కలివి పొద నుంచి రెండు కొమ్మలు విరిచింది. ఒకటి నాకిచ్చి, రాయి మీద పెట్టి పైన చిన్న రాయి బరువుంచమంది. ఎందుకని అడిగాను. వాళ్ల ఊళ్లో చెక్క చెంచాలు చేసేవాళ్లు కర్ర కోసం ఈ కొండెక్కుతారు. ఎక్కేవాళ్లు తలా ఒక కొమ్మ ఇక్కడ పెట్టి, దిగాక ఎవరి కొమ్మ వాళ్లు తీసి పారేస్తారు. పొద్దు వాలే వేళకు కొమ్మ ఇంకా ఉంటే పైన ఎవరో చిక్కుకున్నారని అర్థం. చెంచాల వాళ్లలో వారానికొకరు వంతు వేసుకుని సాయంత్రం వచ్చి చూస్తారు. ఈ వారం వాళ్ల మామ వంతట. "ఎవరి కొమ్మ అని చూడరు మే. ఉండాదా లేదా, అంతే. ఉంటే ఎక్కుతాడు." నాకు ఆ కొమ్మ పెట్టడం ఇష్టం లేదు. మేం వచ్చినట్టు ఆనవాలు వదిలినట్టే గదా. కానీ షమీమ్ పెట్టనిదే కదలనంది.

ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. మొదట్లో మెట్లు బాగానే ఉంటాయి. సగం నుంచి రాళ్లు కదులుతాయి, చేతులు కూడా వాడాలి. చెప్పులు పనికిరావు, నేను స్కూలు బూట్లతో వెళ్లడం మంచిదైంది. రెండో ద్వారం దాటాక నీడ వస్తుంది. అక్కడే కాసేపు కూర్చోండి, ఆ తర్వాత కూర్చునే చోటు లేదు. పైన విరిగిన గోడలు, ఒక పాత మసీదు, వాన నీళ్లు నిలిచిన గుంటలు. షమీమ్ అన్నిటికంటే ఎత్తున్న బండ ఎక్కి నన్ను పైకి లాగింది. వరికుంటపాడు వైపు చెరువులు అద్దం ముక్కల్లా కనిపించాయి. ఒక త్రికోణం అయిపోయిందని షమీమ్ అంటే, ఇది అట్లాసులో లేనే లేదని నేను అన్నాను. మనమే పెన్సిల్‌తో గీద్దామంది. ఆ పులిహోర తిన్నంతసేపూ నాకు భయం గుర్తు రాలేదు.

దిగడం మొదలుపెట్టిన కాసేపటికి కింద మెట్ల వైపు నుంచి ఒక హోరు వినిపించింది. అంతలో పక్క బండ మీదినుంచి మేకలు కాసే ఒక ముసలామె చెయ్యి ఊపి, గొంతు పెంచకుండా చెప్పింది. "పెర లేచింది. ఉరకొద్దు. తల మీద గుడ్డేసుకుని కూసోండి." ద్వారం పక్క బండకు పట్టిన పెద్ద తేనెపెరను ఏదో కదిలించింది. మెట్ల మీద గాలి నల్లగా కదులుతోంది. ఇద్దరం ఒకే వోణీ కప్పుకుని రాతికి అంటుకుపోయాం. నా చెవి పక్కనుంచి ఒకటి పోతే ఊపిరి బిగబట్టాను. షమీమ్ ఉర్దూలో ఏదో చదువుకుంటోంది. ఎంతసేపు అట్లా ఉన్నామో తెలియదు. అవ్వ వంగి వచ్చి మా భుజం తట్టింది. చీకటి పడేదాకా ఆ మెట్ల మీద మనిషి కనపడితే వదలవని, తన వెంట మేకల దారిన కొండ అవతలికి దిగమని చెప్పింది.

అది దారి కాదు, జారుడు. సగంలో షమీమ్ కాలు మడతపడింది. నేనొక పక్క, అవ్వ ఒక పక్క పట్టుకుని ఒక్కో అడుగూ వేయిస్తూ రోడ్డు మీదికి చేరేసరికి ఎండ పచ్చబడింది. అక్కడినుంచి ఊరు రెండు మైళ్లుంటుంది. మైలురాయి మీద షమీమ్‌ను కూర్చోబెట్టాం. అంతలో ఊరి వైపు నుంచి ఎర్ర బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ఆత్మకూరు బస్సు. చెయ్యెత్తితే ఆగింది. పొద్దునటి కండక్టరే. షమీమ్‌ను ఎక్కిద్దామని చెయ్యి పట్టుకుంటే అది కదలలేదు. దాని మొహం తెల్లబోయింది.

"కొమ్మలు మే" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మేం అవతల దిగాం. కొమ్మలు మాత్రం ఇవతల మెట్ల దగ్గరే ఉన్నాయి. వాళ్ల మామ ఈపాటికి బయలుదేరి ఉంటాడు. రెండు కొమ్మలూ చూసి పైకెక్కుతాడు, నేరుగా ఆ పెరలోకి. షమీమ్ నడవలేదు. అవ్వ మేకలు వదిలి రాలేదు. కండక్టర్ ఎక్కుతారా ఎక్కరా, టైమైపోతా ఉండాదని కసిరాడు. నా కుడికాలు బస్సు మెట్టు మీద ఉంది. ఈ బస్సు ఎక్కితే ఎనిమిదింటికి ఇంట్లో ఉంటాను. క్లాసు లేటైందంటే అమ్మ నమ్ముతుంది, నాన్నను నమ్మిస్తుంది. ఎక్కకపోతే టీసీ.

కాలు కిందికి తీశాను. షమీమ్‌ను అవ్వకు అప్పగించాను. సంచి కూడా అక్కడే పడేసి ఊరి వైపు పరుగెత్తాను. వెనక బస్సు కదిలిన చప్పుడు విన్నాను గానీ తిరిగి చూడలేదు. చూస్తే ఏడ్చేదాన్ని.

మెట్ల దగ్గరికి చేరేసరికి రాయి పక్కన ఒక సైకిలు ఉంది. మనిషి లేడు. కొమ్మలు రెండూ అట్లాగే ఉన్నాయి. పైన మొదటి మలుపులో తెల్ల లుంగీ కనిపించింది. మామూ అని అరిచాను. అట్లా పిలవాలని ఎట్లా తోచిందో. మళ్లీ అరిచాను. ఆయన ఆగి, వెనక్కి చూశాడు. పైన ఎవరూ లేరని, మేమిద్దరమే ఎక్కామని, పెర లేచిందని చేతులు ఊపుతూ అరిచి చెప్పాను. ఆయన గబగబా దిగి వచ్చాడు. అరచేతులకు రంపపు పొట్టు అంటుకుని ఉంది. ఎవరి పిల్లవని గానీ ఎందుకొచ్చావని గానీ అడగలేదు. షమీమ్ కాలు మడతపడి అవతల రోడ్డు మీద ఉందని చెప్పగానే కళ్లు మూసి తెరిచాడు.

నేను అలసటతో కూలబడితే రాయి వైపు చూపించాడు. "ముందు నీ కొమ్మ తియ్యి పాపా. ఒకరిది ఒకరు తియ్యరు. షమీమ్‌ది కూడా ఈ పొద్దుకు నువ్వే తియ్యి, దానికి కాలు బాగలేదు గదా."

రెండూ తీసి పారేశాను. ఆయన సైకిలు మీద వెళ్లి షమీమ్‌ను తీసుకొచ్చాడు. ఆత్మకూరు పోయే లారీ డ్రైవరుతో మా ఇళ్లకు కబురు పంపాడు. ఆ రాత్రి షమీమ్ వాళ్లింట్లో నాకు నిద్ర పట్టలేదు. షమీమ్ వాళ్లమ్మ తల మీద చెయ్యి వేసినప్పుడల్లా నిద్రపోయినట్టు నటించాను.

పొద్దున మొదటి బస్సులో నాన్న దిగాడు. బస్టాండులో మామ, నేను నిలబడి ఉన్నాం. నాన్న నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. ఏం అడుగుతాడో అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన అడిగింది వాటిలో లేదు.

"కొమ్మ తీసినావా?"

తీశానన్నాను. మేకలు తోలిన రోజుల్లో ఆయనా ఇట్లా కొమ్మ పెట్టే ఎక్కి ఉంటాడని అప్పుడు తోచింది. నాన్న మామ వైపు చూశాడు. "తన చేత్తోనే తీసింది. దాని కోసమే బస్సు ఒదులుకుని వచ్చింది" అన్నాడు మామ. నాన్న తల ఊపి, ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత రెండు టిక్కెట్లు తీసుకున్నాడు. 

మర్నాడు నేను స్కూలుకు బయలుదేరితే ఆయన కూడా సైకిలు తీశాడు. ఎప్పుడూ రాడు. టీసీ కోసమే అనుకున్నాను. ఆయన దాన్ని నడిపించుకుంటూ నా పక్కనే వచ్చాడు. గేటు దగ్గర ఆగాడు. ఆఫీసు గది తలుపు తెరిచే ఉంది. దాని వైపు చూసి, నా జడ సర్ది, "గంట కొడతా ఉండారు, పో" అని సైకిలు వెనక్కి తిప్పాడు.

కొండ మీద నిలబడినప్పుడు మేమిద్దరమే అంత పైన ఉన్నామనుకున్నాను. కానీ ఆ కొమ్మలు ఎవరివో తెలియని మనిషొకడు మా కోసం ఎక్కడానికి కింద సిద్ధంగా ఉన్నాడు. ఇప్పుడు అట్లాసులో త్రికోణాలు చూసినా వాటి పైకంటే కిందనే చూస్తున్నాను, అక్కడ అట్లాంటి రాయి ఉంటుందా అని. ఇంట్లో ఇంకా భయమే. అయినా అబద్ధం చెప్పి వెళ్లడం మాత్రం ఇక నా వల్ల కాదు. మీరు ఉదయగిరి ఎక్కితే ఒక్కటి పాటించండి. కింద కొమ్మ పెట్టి ఎక్కండి. ఏ వైపు దిగినా, బస్సు పోతున్నా సరే, తిరిగి వచ్చి దాన్ని తీశాకే ఊరు వదలండి.