పొగమంచులో ఆపకూడని గంట

బ్రెజినోవ్ ఊరి చౌరస్తాలో, ఒకప్పుడు మహమ్మారి తగ్గినందుకు మొక్కుగా కట్టిన స్తంభం మీద నిలబడ్డ పునీతుడికి కుడిచెయ్యి లేదు. ప్రష్యా సైనికుల గుండు తగిలి పోయిందని బడిలో చెబుతారు. ఎండుగడ్డి బండి తోలుకొస్తూ నిద్రపోయిన తన తాత నిర్వాకమే అదని హెద్వికా ముసలమ్మ చెప్పేది, అదీ గర్వంగా. ఆ స్తంభానికి ఎదురుగా గుడి గోపురం, దానికి తొంభై రెండు మెట్లు. పెద్ద గంటల్ని రెండు యుద్ధాలు కరిగించుకు తిన్నాయి. మిగిలింది బార్బొరా ఒక్కతే. వంటింటి బిందెంత గంట. దాని తాడు నలభై ఏళ్ళకు పైగా ఓతిలియా చేతుల్లో ఉంది. ఆమె అరచేతులు చెప్పు అట్టల్లా ఉండేవి. పసిపిల్లల బుగ్గలు నిమరాలంటే చెయ్యి తిప్పి వేళ్ళ వెనకవైపుతో నిమిరేది.

ఊళ్ళో ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళు ముందు ఓతిలియా వంటింటి తలుపు తట్టేవారు. మగమనిషికి మూడు విడతలు, మధ్యమధ్య ఆపి. ఆడమనిషికి రెండు. బిడ్డకు ఒకటి. పొలంలో ఉన్నవాళ్ళు లెక్కపెట్టుకుని టోపీ తీసేవారు. బార్బొరాకు ఇంకో పని కూడా ఉంది. కొండమీది బీడును పొగమంచు కమ్మి, పైకి వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోతే, దారి తెలియడానికి ఆపకుండా కొట్టాలి. ఒకటే గంట, ఒకటే గొంతు. ఆపామా లేదా అన్నదే తేడా.

ఆ తేడా ఓతిలియాకు తొమ్మిదో ఏట తెలిసింది. ఆమె తండ్రి మాతెయ్ రోడ్డు మరమ్మతు పనివాడు. ఎప్పుడో రాయి పడి ఎడమ పాదం నలిగితే, ఆ కాలు ఈడుస్తూ నడిచేవాడు. మంచు కాలానికి ముందు దారి గుర్తుగా పాతే కర్రల కట్ట భుజాన వేసుకుని నవంబరులో ఒకనాడు బీడు మీదికి వెళ్ళాడు. పొగమంచు దిగింది. అప్పట్లో గంట పని తల్లిది; ఆ పగలూ ఆ రాత్రీ కొట్టింది. మర్నాడు మధ్యాహ్నం పెద్దమనుషులు మెట్లెక్కి వచ్చి, "ఇక చాలమ్మా, వదిలెయ్" అన్నారు. ఆమె ఆపింది. ఊపిరి తీసుకుని మూడు విడతలు కొట్టింది.

మూడోరోజు మంచు విడితే అతని అడుగులు కనిపించాయి. ఊరి మొదట్లో ఉన్న రాతి శిలువ దాకా వచ్చాయి. అక్కడి నుంచి మొదటి ఇల్లు వంద అడుగులు ఉండదు. శిలువ దగ్గర ఆగి, తిరిగి బీడు మీదికి వెళ్ళిపోయాయి. చావుగంట విన్నాడనీ, అది తనకేనని నమ్మి వెనక్కి మళ్ళాడనీ ఊరంతా గుసగుసలాడింది. తల్లి మళ్ళీ తాడు ముట్టుకోలేదు, ఆ మాట ఇంట్లో ఎత్తనివ్వలేదు. పద్నాలుగేళ్ళు రాగానే ఓతిలియా తాడు పట్టుకుంది. నది అవతలి ఊరినుంచి వచ్చిన భర్త అలోయిస్‌కు కూడా మామగారు మంచులో పోయాడన్న ఒక్క ముక్కే తెలుసు.

మాతెయ్ పోయిన నలభై ఆరేళ్ళకు, చనిపోయినవాళ్ళను తలుచుకునే ఆత్మల పండుగ ముందురోజు, సమాధుల మీద కప్పడానికి స్ప్రూస్ చెట్ల కొమ్మలు తెస్తానని అలోయిస్ గంప వేసుకుని పొద్దున్నే పైకి వెళ్ళాడు. పదింటికల్లా పొగమంచు దిగి చౌరస్తాలో పునీతుడు కనబడకుండా పోయాడు. పదకొండింటికి ఓతిలియా బార్బొరాను మొదలుపెట్టింది.

ఒంటిగంటన్నరకు నల్లకోటు వేసుకుని, రొప్పుతూ రాదిమ్ ఎక్కి వచ్చాడు. హెద్వికా ముసలమ్మ కొడుకు, ఊరి మాంసం కొట్టు చూసుకుంటాడు. రెండింటికి వాళ్ళమ్మ అంత్యక్రియలు.

"అత్తా, ఇక ఆపు. అమ్మను బయటికి తెస్తున్నాం. రెండు విడతలు కొట్టేసి, తరువాత నీ ఇష్టం."

"కొట్టను."

"అదేంటి అత్తా? మా అమ్మ నీకేం ద్రోహం చేసింది?"

"మీ అమ్మ బంగారం. ఆవిడకు తొందరేం లేదు రాదిమ్, ఎక్కడికి వెళ్ళాలో దారి తెలుసు. మా ఆయనకు తెలియదు."

"గంట లేకుండా మట్టి చేస్తే ఊళ్ళో నా మొహం ఎలా చూపించను?"

"చూపించక్కర్లేదులే, పొగమంచు ఉందిగా."

రాదిమ్ తాడు వైపు చెయ్యి చాపాడు. ఓతిలియా లాగుతూనే, "ముట్టుకున్నావంటే నీక్కూడా ఇప్పుడే రెండు విడతలు కొడతా" అంది.

"నాకు మూడు కదా."

"నిన్ను చూస్తే రెండు చాలనిపిస్తోంది."

అతను తిట్టుకుంటూ దిగిపోయాడు. గంట లేకుండానే హెద్వికాను తీసుకెళ్ళారు. ఓతిలియా ఒక్క దెబ్బ తప్పనివ్వలేదు. అరచేతులు కోసుకుపోయి తాడు ఎర్రబడింది, తలగుడ్డ చుట్టుకుని లాగింది.

మూడున్నరకు మెట్ల మీద అడుగులు వినిపించాయి. అలోయిస్. గంప లేదు, మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఏమే, రెండింటికి ఎందుకు ఆపావు?" అన్నాడు.

"నేను ఆపలేదు."

"ఆపావు. మూడు విడతలు కొట్టావు. నాకే అనుకున్నా. ఇంక వచ్చి మాత్రం ఏం లాభమని గంప దించి వెనక్కి తిరిగా."

"నేను ఆపలేదయ్యా. కావాలంటే రాదిమ్‌ను అడుగు, కడుపుమంటతో ఉన్నాడు, అబద్ధం చెప్పడు."

అలోయిస్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అయితే పైన కనబడ్డ ఆ మనిషి చెప్పింది నిజమే. ఒకడు ఎదురొచ్చాడు, భుజాన కర్రల కట్టతో. 'ఆ గంట నీది కాదు, అది పాతది. కిందనుంచి మోగేది విను, నా వెనక రా' అన్నాడు. రాతి శిలువ దాకా తీసుకొచ్చాడు. మా ఇంటికి రా, సూప్ తాగి వెళ్దువు గాని అన్నాను. రాలేనన్నాడు. 'నన్ను పిలవడం మానేశారు' అన్నాడు."

"ముసలాడా?"

"కాదే. నలభై ఉంటాయేమో. పాపం, ఒక కాలు ఈడుస్తాడు."

ఏ కాలని ఓతిలియా అడగలేదు.

ఆ సాయంత్రం మంచు విడింది. రాత్రికి బురద గడ్డకట్టింది. తెల్లవారగానే ఆమె ఒక్కతే రాతి శిలువ దగ్గరికి వెళ్ళింది. అలోయిస్ రబ్బరు బూట్ల గుర్తులు రాతిలో చెక్కినట్టున్నాయి. వాటి కింద, అంటే వాటికి ముందు నడిచినవి, మేకులు కొట్టిన పాతకాలపు బూట్ల గుర్తులు. ఎడమ పాదం ఉండాల్సిన ప్రతిచోటా పొడుగాటి గీత. రబ్బరు బూట్లు ఊళ్ళోకి సాగాయి. గీత శిలువ దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, బీడు మీదికి వెళ్ళింది.

ఆమె వంగి గీతలో చెయ్యి పెట్టింది. నిన్నటి కోతల మంట చల్లారింది. తరువాత అక్కడినుంచి తిన్నగా గోపురం ఎక్కింది.

ఆకాశం నీలంగా, పునీతుడి తెగిన చెయ్యి కూడా స్పష్టంగా కనబడేంత తేటగా ఉంది. బార్బొరా మోగింది, ఆగకుండా. సమాధుల దగ్గరికి పువ్వులు తీసుకెళ్తున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని ఇంట్లోవాళ్ళను లెక్కపెట్టుకున్నారు. రాదిమ్ చౌరస్తాలో నిలబడి గోపురం కిటికీ వైపు అరిచాడు.

"అత్తా, నిన్న మా అమ్మకు లేదన్నావు, ఇవాళ ఎండలో ఎవరు తప్పిపోయారు?"

"మా నాన్న."

"ఆయన పోయి యాభై ఏళ్ళు కావస్తోంది కదా."

"పోయాడని గంట కొట్టింది మా అమ్మ. ఆ గంట తప్పు."

 రాదిమ్ టోపీ తియ్యబోయి, తియ్యకుండా ఊరుకున్నాడు. కొట్టులోకి వెళ్ళి, ఎవరో రావలసి ఉన్నట్టు తలుపు బార్లా తీసిపెట్టాడు. అది చూసి పక్కింటివాళ్ళూ తీశారు.

ఓతిలియా లాగుతూనే ఉంది. స్తంభం నీడ కుదించుకుపోయి, మళ్ళీ సాగి ఫౌంటెన్ గట్టును తాకింది. అప్పుడు మెట్ల మొదట్లో చప్పుడైంది. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు. తొంభై రెండు మెట్లు, తొందరపడకుండా.

ఆమె వెనక్కి తిరగలేదు, తాడు ఆపలేదు. ఇంకొకరు నిలబడేందుకు చోటిస్తూ కాస్త పక్కకు జరిగింది.