జడ్జమ్మ తిరగదోడిన ఫైలు

ఆమెకు జడ్జమ్మ అని పేరు రావడానికి కారణం భర్తే. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. రోజంతా ఇరుకు గోతుల్లో దిగి, చేతులకు గ్రీజు పూసుకుని ఇంటికొచ్చి, "ఏం జడ్జిగారూ, ఇవాళ ఎంతమందిని లోపలేశారు?" అని అడిగేవాడు. ఆ వెక్కిరింత ఎలా పాకిందో పాకి ఆఫీసుకూ చేరింది. అక్కడ మర్యాద కాస్త తగ్గి జడ్జమ్మ అయింది.

నిజానికి ఆమె చేసేది తీర్పులిచ్చే పనే. ఇళ్లలో కూర్చుని తమ వస్తువులు తామే అమ్ముకునే మామూలు మనుషుల కోసం పెట్టిన ఆన్‌లైన్ సంత అది. వస్తువు పగిలి వచ్చిందనో, చెప్పినట్టు లేదనో కొన్నవాళ్లు డబ్బు వాపసు అడిగితే, ఆ తగువు ఆమె తెర మీదికి వస్తుంది. ఎడమవైపు కొన్నవాళ్ల మాట, కుడివైపు అమ్మినవాళ్ల మాట. పైన ఒక మూల, ఒక్కో తగువుకిచ్చిన ఆరు నిమిషాలు తిరుగుతుంటాయి. అవి అయిపోతే అంకెలు ఎర్రబడతాయి. నాలుగేళ్లుగా ఆమె ఆ ఎరుపుకు భయపడుతూనే, రెండువైపులా చదవందే ఏ ఫైలూ మూసేది కాదు. తను ఎవరికీ అన్యాయం చెయ్యలేదన్న నమ్మకం ఆమెకు గట్టిగానే ఉండేది.

ఒకరోజు ఒక గోడగడియారం తగువు వచ్చింది. లోలకం ఊగడం లేదు, డబ్బు ఇప్పించండి అని కొన్నవాడి ఫిర్యాదు. కుడివైపు ఖాళీగా ఉంది. అమ్మినవాడు రెండు రోజుల్లోగా జవాబివ్వకపోతే కొన్నవాడి మాటే చెల్లుతుందని నియమం. గడియారం తిరిగి పంపినట్టు కొరియర్ రసీదు కూడా ఉంది. ఆమె వాపసు ఇమ్మని నొక్కింది. అంతకుముందు రెండుసార్లు జవాబు ఆలస్యమైనందున, అమ్మినవాడి పేజీ దానంతటదే మూతపడింది. పేజీ పైన 'నమ్మదగని అమ్మకందారు' అని ఎర్రటి పట్టీ పడింది. జడ్జమ్మ తరువాతి ఫైలు తెరిచింది.

పదిహేను రోజులకు ఒక ఉత్తరం ఆ ఫైలుకు అతుక్కుని వచ్చింది. రాసింది అమ్మినవాడి కోడలు.

"మా మామగారు పాత గడియారాలు బాగుచేసి అమ్ముతారు. మీ కబురు వచ్చిన రోజున ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. రెండు కళ్లకూ కట్లున్నాయి, మేమంతా ఆస్పత్రిలోనే ఉన్నాం, ఆయన ఫోను చూసేవాళ్లు లేరు. తిరిగొచ్చిన పెట్టెలో గడియారం లేదు. విరిగిన ఇస్త్రీపెట్టె, పాత కాగితాలు ఉన్నాయి. డబ్బు సంగతి తరవాత. ఆ ఎర్రపట్టీ తీయించండి. అది చూసినప్పటినుంచీ ఆయన అన్నం సరిగా తినడం లేదు."

ఇలాంటి ఉత్తరాలు రోజూ వస్తాయి. సగం అబద్ధాలే. పెట్టె విప్పాక తీసిన ఫొటో దేనికీ రుజువు కాదు. మూసేద్దామనుకుంటూనే ఆమె పోయినప్పటిదీ తిరిగొచ్చినప్పటిదీ కొరియర్ రసీదులు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. వెళ్లేటప్పుడు పెట్టె బరువు ఐదున్నర కిలోలు. తిరిగి పంపేటప్పుడు కొన్నవాడి గుమ్మం దగ్గరే తూస్తే రెండు కిలోల చిల్లర. అంటే దారిలో ఎవరూ మార్చలేదు. ఆ గుమ్మం దాటేసరికే గడియారం పెట్టెలో లేదు.

ఆ రసీదు మొదటి రోజు కూడా ఫైల్లోనే ఉంది. ఆమె చూడలేదు.

టీమ్ లీడర్ దగ్గరకు వెళ్లింది. అతను ఆమెకంటే పదేళ్లు చిన్న. మనిషి చెడ్డవాడు కాడు గానీ, ఎప్పుడూ వెనక ఎవరో తరుముతున్నట్టు ఉంటాడు.

"మూసిన ఫైలు మేడమ్ ఇది. గడువు దాటిపోయింది."

"గడువు దాటింది నిజమే. తప్పు జరిగింది కూడా నిజమే కదండీ?"

"ఒకటి తెరిస్తే ఇలాంటివి వంద తెరవాలి."

"తెరుద్దాం."

అతను ఆమె ముఖంలోకి చూసి, "మీరు కాసేపు టీ తాగి రండి మేడమ్" అన్నాడు.

ఆమె టీ తాగలేదు. సీటులో కూర్చుని, తను ఆ నెలలో మూసిన ఫైళ్లు ఒక్కొక్కటే తీసి బరువులు పోల్చడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి బరువు తగ్గినవి నాలుగు దొరికాయి. సాయంత్రానికి పదకొండు. ఊలు బట్టలు అల్లే ఒక తల్లి, పాత కెమెరాలమ్మే కుంటి మనిషి, పెయింటింగులు వేసే అక్కాచెల్లెళ్లు. అందరికీ వ్యతిరేకంగా నొక్కిన వేలు తనదే. కొందరు జవాబులు కూడా రాశారు. తిరిగొచ్చిన పెట్టె తేలిగ్గా ఉందని ఒకామె మూడుసార్లు రాసింది. జడ్జమ్మకు ఆ వాక్యం గుర్తుంది. ఎవరు తూచారులే అనుకుని మూసేసింది.

ఆ రాత్రి భర్త అలవాటు చొప్పున "ఎంతమంది జడ్జిగారూ?" అన్నాడు. "పదకొండు" అందామె. అతను నవ్వబోయి, ఆమెను చూసి ఆగిపోయాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు.

ఫైలును తిరగదోడగలిగింది పై విభాగం ఒక్కటే. ఆమె పదకొండింటినీ రాసి, రసీదులు జోడించి, ప్రతి ఉదయం పంపింది. జవాబు రాలేదు. తొమ్మిదో రోజున ఒకే ఒక్క వాక్యం వచ్చింది: గడియారంతో సహా మూడు ఫైళ్లు సరిచేశాం, మిగతావాటికి ఆధారాలు చాలవు. ఎర్రపట్టీ తీసేశారు. క్షమించమని ఎవరూ ఎవరికీ రాయలేదు.

అమ్మకందార్లకు ఫోను చేయకూడదని ఆఫీసు కట్టడి. అది తెలిసీ ఆమె మెట్ల దగ్గరకు వెళ్లి చేసింది. కోడలు ఎత్తింది.

"అవునమ్మా, పట్టీ తీసేశారు, చూశాం. కానీ మామయ్య ఇంక ఆ పని చెయ్యనంటున్నారు. కుడికన్ను నిలవలేదు. పనిముట్లన్నీ మొన్ననే ఎవరికో ఇచ్చేశారు."

"ఒక్క నిమిషం ఆయనతో మాట్లాడొచ్చా?"

కుర్చీ జరిగిన చప్పుడైంది. ముసలాయన గొంతు బొంగురుగా ఉంది.

"ఎవరమ్మా?"

"మీ ఫైలు మొదట మూసింది నేనేనండీ. బరువు చూడకుండా మూశాను. తప్పు నాది."

తిడతాడేమోనని ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

"ఆ గడియారానికి పళ్లచక్రం అరిగిపోతే, ఇత్తడిరేకు కోసి నేనే చేశానమ్మా. రెండు నెలలు పట్టింది. కళ్లు బాగా కనిపిస్తున్నప్పుడు చేసిన ఆఖరి పని అది." ఆయన కొంచెం దగ్గాడు. "కొన్నతని దగ్గరే ఉందంటావా? తిరుగుతోందా అది?"

"తెలీదండీ."

"అడిగితే చెప్తాడా?"

డబ్బు వాపసు తీసుకుని కొన్నవాడు అప్పటికే తన ఖాతా మూసేసి వెళ్లిపోయాడు. ఆమె ఆ మాట చెప్పింది. "సరేలే" అని ఆయన ఫోను కోడలికిచ్చేశాడు.

ఆ కాల్ సంగతి వారంలో బయటపడింది. టీమ్ లీడర్ తలొంచుకుని, "నా చేతుల్లో లేదు మేడమ్" అన్నాడు. అతని చేతుల్లో నిజంగానే లేదు. మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టే ముందు, ఆమె కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిల్ని పిలిచి, రెండు రసీదుల్లో బరువు గడి ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపించింది. "ఆరు నిమిషాల్లో మొదటి నిమిషం దీనికివ్వండమ్మా" అంది. ఒకమ్మాయి రాసుకుంది. రెండో అమ్మాయి తెర వైపు చూస్తూ, "అక్కా, నాది ఎర్రబడింది" అని తిరిగి పనిలో పడింది.

జడ్జమ్మ ఇప్పుడొక మందులషాపులో బిల్లులు కొడుతోంది. మిగిలిన ఎనిమిది ఫైళ్లూ అలాగే ఉన్నాయి. ఆ ఎనిమిది మంది పేర్లూ ఆమెకు కంఠతా వచ్చు. వాళ్లలో ఒక్కరికీ ఆమె పేరు తెలియదు.