నా వేళ్లకు పడని జిగురు

ఆ రోజు చపాతీ పిండి కలుపుతుంటే వేళ్ల కొసలు భగ్గుమన్నాయి. చూస్తే మూడు వేళ్లకు సన్నటి పగుళ్లు. నేను రాయచూరులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పరిశోధన చేస్తాను. నీళ్లు అంటని ప్లాస్టిక్ ఫిల్టర్ గుడ్డకు జిగురు పూత వేసి, అది నీళ్లు పీల్చేలా చేయడం నా పని. ఎండలకు చర్మం పగిలిందనుకుని కొబ్బరినూనె రాశాను.

రెండు వారాల్లో నీటి పొక్కులు లేచాయి. చున్నీకి పిన్ను కూడా పెట్టుకోలేకపోయాను.

"ఏంది బిడ్డా, చేతులు గిట్లైనయ్? ఆ ల్యాబ్ ఇడ్సిపెట్టు, ఏదన్న బడిల చేరు," అంది అమ్మ.

చర్మ వైద్యురాలు చూసి, "కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే చర్మానికి పడనిదేదో తగిలి వచ్చిన వాపు. ఆ పని మానేస్తే తగ్గుతుంది," అని స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ రాశారు.

మానలేదు. రెండు జతల గ్లౌజులు తొడుక్కుని వెళ్లాను. తగ్గినట్టే తగ్గి, ఒక పొద్దున కనురెప్పలు వాచి కళ్లు తెరుచుకోలేదు. మా గైడ్ సార్ ప్రాజెక్టు ఇంకొకరికి ఇస్తానన్నారు.

"ఇయ్యకండి సార్. నాకు పడనిదేందో ముందుగాల తెల్వనియ్యండి," అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ల్యాబ్‌లో వాడే సీసాల పేర్లన్నీ రాసుకెళ్లి డాక్టరమ్మ ముందు పెట్టాను. ప్యాచ్ టెస్ట్ చేశారు. వీపుకు ఒక్కో రసాయనం కొద్దికొద్దిగా పూసిన పట్టీలు అతికించి రెండు రోజులు ఉంచారు. నాలుగో రోజుకు ఒక్క చోటే ఎర్రగా లేచింది.

"ఆక్రిలేట్ అలర్జీ. మీ జిగురులో ఉన్నది అదే. పల్చటి గ్లౌజులను దాటి వచ్చేస్తుంది. ఇక జీవితాంతం జాగ్రత్తగా ఉండాలి."

"ఆక్రిలేట్ లేని జిగురైతే?"

ఆమె నవ్వి, "దాన్నీ టెస్ట్ చేసి చూద్దాం," అన్నారు.

అలాంటి జిగురు కోసం పుస్తకాలు వెతికాను. సముద్రపు రాళ్లను పట్టుకుని బతికే ఒక రకం ఆల్చిప్ప ఉంది. అలలు ఎంత కొట్టినా ఊడదు. దాని జిగురును పోలిన రసాయనమైన డోపమైన్‌ను కొంచెం క్షారం కలిపిన నీళ్లలో కరిగిస్తే, అందులో ముంచిన వస్తువుకు నల్లటి పలుచని పూత పడుతుంది. టెస్ట్‌లో అది నా చర్మాన్ని ఏమీ చేయలేదు. పాత జిగురును సార్ ల్యాబ్ నుంచి తీసేయించారు. నెలల తరబడి పూత మచ్చలు మచ్చలుగా వచ్చింది. పారేసి మళ్లీ ముంచాను. ఒకరోజు గుడ్డ మీద వేసిన నీటిచుక్క గుండ్రంగా నిలబడకుండా పరుచుకుని ఇంకిపోయింది. అరిచినంత పని చేసి సార్‌ను పిలిచాను.

ఇప్పుడూ రోజూ ల్యాబ్‌కు వెళుతున్నాను. ఎడమ బొటనవేలు ఇంకా గరుకే. పుచ్చిన పంటికి పెట్టే తెల్లటి ఫిల్లింగ్‌లోనూ ఆక్రిలేట్లు ఉంటాయి కాబట్టి పంటి డాక్టర్ కుర్చీలో కూర్చోకముందే నా అలర్జీ చెబుతాను. మీ చేతులకూ ఇలా అయితే, పని మానేయాలని నిర్ణయించుకునే ముందు, మీరు వాడే ప్రతి సీసా లేబుల్‌నూ ఫోటో తీసి చర్మ డాక్టర్‌కు చూపించండి. ప్యాచ్ టెస్ట్ చేయమని మీరే అడగండి.