మా పెంటకుప్పకు జరిగిన సేవ

సేవ అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. చేసినవాళ్ళకు పుణ్యం, పేరు, ఫొటో. చేయించుకున్నవాళ్ళకు ఏమైందని అడిగే దిక్కుండదు. మాకు ఒకసారి సేవ జరిగింది. డెబ్బైల చివర, నా తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలంలో.

మా ఊరు పాలకుర్తి పోయే తొవ్వలో ఉంటుంది. నాయిన పోయినంక ఇంట్లో మిగిలింది మా అవ్వ, నేను, ఒక బర్రె. బయట వాన మీద ఆధారపడ్డ ఎకరం చెలక. అమ్మను నేను అవ్వ అనే పిలిచేదాన్ని. ఆ చెలకలో మిర్చి వేయాలని అవ్వ ఏడాది పొడుగునా పెంట కూడబెట్టింది. బర్రె పెండ, పొయ్యిలో బూడిద, ఇల్లూ వాకిలీ ఊడ్చిన చెత్త, బర్రె తినగా మిగిలిన గడ్డి, అన్నీ వాకిలి పక్కన కుప్ప పోసింది. కూలికి పోయి వస్తూ దారిలో కనబడ్డ పెండ కూడా గంపలో వేసుకొచ్చేది. మందు బస్తాలు కొనే తాహతు మాకెక్కడిది? ఆ కుప్పను చూసి మిర్చి మీద ఎవరైనా అప్పిస్తే నేను పదో తరగతికి పోతాను, ఇయ్యకపోతే అవ్వ వెంట కూలికి పోతాను. ఈ సంగతి అవ్వ నాకు ముఖం మీదే చెప్పింది.

మా దగ్గర పెంటకుప్ప అంటే చెత్త కాదు. పిల్లనిచ్చేవాళ్ళు వస్తే ముందు వాకిట్లో కుప్ప ఎంతుందో చూసేవాళ్ళు, ఆ తర్వాతే పిలగాణ్ణి చూసేవాళ్ళు. దీపావళికి కుప్ప మీద దీపం పెట్టేవాళ్ళం. ఒకరి కుప్పలోంచి ఇంకొకరు గంపెడు తీస్తే పంచాయితీ అయ్యేది.

హనుమకొండ నుంచి లారీలో దిగిన పిల్లలకు ఇదంతా ఏం తెలుసు? హైస్కూలు కేడెట్లు. ఖాకీ బట్టలు, బూట్లు, టోపీ మీద ఎర్ర కుచ్చు. ఎక్కువమంది బజారు దుకాణదారుల కొడుకులే. వాళ్ళు పెండను చూసింది రోడ్డు మీద దాన్ని తప్పించుకొని నడిచేటప్పుడే. వాళ్ళను తెచ్చింది వాళ్ళ డ్రిల్లు సారు. బడిలో ఆటలు ఆడించే మనిషే, కానీ ఖాకీ తొడిగేసరికి పెద్ద దండుకు సేనాపతి అయిపోయాడు. మా ఊరి బడిలో మకాం పెట్టి, పొద్దున్నే పిల్లలను వరస కట్టించి, మా ఊళ్ళో ఈగల గురించి, రోగాల గురించి, మా తెలివితక్కువతనం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. మేం అక్కడే నిలబడి వింటున్నాం. మా గురించి మా ముందరే, మేం లేనట్టు మాట్లాడటం ఆయనకు బాగా వచ్చు.

ఊరి బయట పెద్ద గుంత తవ్వాలి, ఇళ్ళ ముందున్న గలీజంతా అందులో పోయాలి. ఇదీ ఆర్డరు. పెద్దవాళ్ళంతా కూలికి పోయిన పూట చూసి ఇంటింటికీ తిరిగారు. మా వాకిట్లోకి వచ్చేసరికి నేను కుప్పకు అడ్డం నిలబడ్డాను. ఇది చేనుకు పోసుకునే ఎరువు, ముట్టకండి అన్నాను. నా వయసు పిలగాడొకడు ముక్కుకు దస్తీ కట్టుకొని, మాకు ఆర్డరుంది అన్నాడు. సారు విజిల్ ఊదాడు. నన్ను పక్కకు నెట్టి పారలు దించారు.

కష్టపడలేదని అనను. చొక్కాలు తడిసి ముద్దయ్యేదాకా మోశారు. ఆ మాటకొస్తే దొంగ కూడా చెమటోడ్చే కన్నం వేస్తాడు.

సాయంత్రం కూలి నుంచి వచ్చిన జనం గుంత దగ్గర గుమిగూడారు. అందరి పెంటా ఒకటే కుప్ప. ఎవరిది ఎంత అంటే ఎవరు చెప్పాలి? నాది ఎక్కువంటే నాది ఎక్కువని కొట్లాట. సారు వచ్చి, ఇక ఇది ఎవరిదీ కాదు, ఊరిది అని తీర్పు చెప్పాడు. మరునాడు పొద్దుపొడుపుకే ఊళ్ళో అందరికన్నా పెద్ద రైతు పటేలు బండ్లు గుంత దగ్గరికి వచ్చాయి. వెనకాలే బండ్లున్న మిగతావాళ్ళు. అందరూ నేరుగా చేలకు తోలుకున్నారు. మాకు బండి లేదు. అవ్వ, నేను గంపలతో నెత్తిన మోసి, దొరికినంత మళ్ళీ వాకిట్లో పోసుకున్నాం. పోయినదాంట్లో సగం కూడా లేదు. ఆ సగమైనా దక్కిందని అవ్వ ఊపిరి పీల్చుకుంది.

అంతలో కేడెట్ల పెద్ద ఆఫీసరు గుంత చూడటానికి వస్తున్నాడని కబురు. గుంత చూస్తే ఖాళీ. సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అందరి పెంటా చేలకు చేరిపోయింది, దగ్గర్లో ఉన్నది మాదొక్కటే. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మళ్ళీ మా మీద పడ్డారు. ఈసారి అవ్వ ఇంట్లోనే ఉంది. పోయి కుప్ప మీద కూర్చుంది. సారు చేతులు జోడించాడు.

"అమ్మా, ఒక్క పూట. ఆఫీసరు చూసి పోయినంక మా పిల్లలే తెచ్చి పోస్తారు."

చదువుకున్న మనిషి అమ్మా అన్నాడని అవ్వ లేచింది. ఆ లేవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

గుంత చుట్టూ సున్నం గీతలు వేశారు. జీపు వచ్చింది. ఆఫీసరు ఎక్కడో ఉత్తరాది మనిషి, తెలుగు ముక్క రాదు. సారు అవ్వను ముందుకు పిలిచి, ఈ తల్లి తన ఇంటి ఎరువంతా ఊరికి దానమిచ్చిందని హిందీలో చెప్పాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసరు తన మెడలో దండ తీసి అవ్వకు ఇచ్చాడు. అవ్వ దండను చేతిలో పట్టుకొని ఆయన్నే చూస్తూ అడిగింది.

"సారూ, నేను దానం ఇయ్యలే. ఒక్క పూటకని తీస్కపోయిండ్లు. జర ఎప్పుడిస్తరో చెప్పుండ్రి."

ఆఫీసరు సారు వైపు చూశాడు. ఇట్లాంటి క్యాంపు ఏటా పెట్టమని అడుగుతున్నదని సారు చెప్పాడు.

నాకు బడిలో నేర్చుకున్న హిందీ వచ్చు. ముందుకు పోయి, కాదు సాబ్, మా ఎరువు మాకు తిరిగి ఇమ్మంటున్నది అని హిందీలోనే చెప్పాను. తప్పుల్లేకుండా చెప్పాను. ఆఫీసరు నవ్వి, నా తల మీద చెయ్యి వేశాడు.

"బహుత్ అచ్ఛీ హిందీ."

మళ్ళీ చప్పట్లు. జీపు పోయింది. వెనకాలే కేడెట్ల లారీ కూడా పోయింది. మా పెంట గుంతలోనే ఉంది.

మేం గంపలు తీసుకొని పోయేసరికి పటేలు బండి అక్కడే ఉంది. జీతగాళ్ళు నింపుతున్నారు. అది మాదని అవ్వ మొత్తుకుంది. పటేలు గొంతు కూడా పెంచలేదు.

"సారే అన్నడు గదనే, ఊరిదని. నిన్నెవ్వలు వద్దన్నరు? నువ్వు సుత తీస్కో."

అడుగున తడి మట్టితో కలిసింది కొంచెం మాకు మిగిలింది.

ఆ కొంచెం పెంటను చూసి మాకు ఎవరూ అప్పియ్యలేదు. బడి తెరిచిన రోజు నేను అవ్వ వెంట కూలికి పోయి కలుపు తీస్తున్నాను. ఆ ఏడు మా చెలకలో మిర్చి మోకాలి ఎత్తు కూడా రాలేదు, ఆకులు ముడుచుకుపోయాయి. నాతో చదివినవాళ్ళు పదో తరగతి పరీక్షలకు కూర్చునే వేళకు నేను పటేలు చేలో కూలికి మిరపకాయలు ఏరుతున్నాను. అక్కడ చెట్లు నా నడుము దాకా ఉన్నాయి. ఒక చెట్టు మొదట్లో మట్టిలో నీలం రంగు పెన్ను మూత కనబడింది. నాదే. పంటిగాట్లు కూడా నావే. ఇంట్లో పోగొట్టుకొని, వెతికి వెతికి వదిలేసింది. ఊడ్చిన చెత్తలో మా పెంటకు పోయి, అక్కణ్ణుంచి ఇక్కడికి చేరింది. అవ్వకు చూపించాను. తను చూసి మళ్ళీ ఏరడంలో పడింది. నేనూ దాన్ని అక్కడే పడేసి ఏరుకుంటూ పోయాను. అప్పటికి నాకు పెన్నుతో పని లేదు.